పెరటి వెనుక చిత్తడి నేలను పూడ్చి ఇళ్లు కడతామని సర్టిఫైడ్ ఉత్తరం వచ్చింది (న్యూజెర్సీ): శాఖకు ఏమి రాస్తే ఉపయోగం?

వెనకతోట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో పదకొండేళ్లుగా సొంత ఇంట్లో ఉంటున్నాము. మా పెరటి కంచెకు ఆవల 31 ఎకరాల అడవి ఉన్నది. ఆగస్టులో చూసిన వారికి అది మామూలు మేపుల్ చెట్ల తోపులాగే కనిపిస్తుంది కాని, ఫిబ్రవరి చివరి నుంచి మే నెల దాకా అందులో చీలమండ లోతున నీళ్లు నిలుస్తాయి. మార్చిలో కప్పల రొదకు రాత్రిపూట కిటికీలు మూసుకోవలసి వస్తుంది.

పోయిన వారం మా ఇంటికి సర్టిఫైడ్ పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఆ స్థలంలో 140 ఇళ్లు కట్టదలచిన సంస్థ ఒకటి, అందుకోసం 1.8 ఎకరాల మంచినీటి చిత్తడి నేలను పూడ్చడానికి ఇండివిడ్యువల్ పర్మిట్ ఇవ్వవలసిందని రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖకు దరఖాస్తు చేసుకున్నదనీ, మా అభిప్రాయాలు ఏవైనా ఉంటే రాతపూర్వకంగా పంపవచ్చనీ దాని సారాంశం. ఆ 140లో 28 ఇళ్లు తక్కువ ఆదాయం గల కుటుంబాలకు కేటాయిస్తారట.

మా స్వగ్రామం కైకలూరు ప్రాంతం. అక్కడ ఇల్లు కట్టాలంటే ముందు స్థలాన్ని మెరక చేయడం ఆచారం. ఒకరు రెండడుగులు లేపితే పక్కవాడి వాకిలి పల్లమవుతుంది, వాడు మూడడుగులు లేపుతాడు. కాబట్టి చిత్తడి నేలను పూడ్చడమంటే నాకు కొత్త సంగతేమీ కాదు. అయితే 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను నాటి రాత్రి మా బేస్‌మెంటులోకి అడుగుకు పైగా నీరు వచ్చింది. ఆ అడవి కూడా లేకుంటే మా పరిస్థితి ఏమిటన్నదే నా భయం.

వీధిలోని వారందరూ కలిసి రెండు వందల సంతకాలతో ఒక వినతిపత్రం పంపుదామని అంటున్నారు. వచ్చే నెల టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు సమావేశంలో గట్టిగా మాట్లాడితే చాలునని మరికొందరు చెబుతున్నారు. అసలు ఈ దేశంలో చిత్తడి నేలను పూడ్చడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే, మా వంటి పొరుగువారి మాటకు అందులో విలువ ఎంత? తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

మట్టిరంగులు రాసిన సమాధానం:

ముందుగా ఒక మాట చెప్పుకోవడం న్యాయం. చిత్తడి నేలల హద్దులు గుర్తించడమే నా ఉద్యోగం, నాకు జీతం వచ్చేది ఎక్కువగా మీకు ఉత్తరం పంపిన వారి వంటి దరఖాస్తుదారుల నుంచే. ఈ దరఖాస్తుతో మాత్రం నాకు ఏ సంబంధమూ లేదు.

పూడ్చడాన్ని చట్టం పూర్తిగా నిషేధించలేదు, అలాగని ఊరికే ఒప్పుకోదు కూడా. 1987 జూన్‌లో అప్పటి గవర్నర్ థామస్ కీన్ చిత్తడి నేలల్లో నిర్మాణాలను తాత్కాలికంగా నిలిపివేసిన తరువాత శాసనసభ కదిలి, జూలై 1 నాటికి మంచినీటి చిత్తడి నేలల రక్షణ చట్టం సంతకం దాకా వచ్చింది. సాధారణంగా అమెరికాలో ఈ అనుమతులు ఫెడరల్ క్లీన్ వాటర్ యాక్ట్‌లోని 404వ సెక్షన్ కింద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఇస్తుంది. మిషిగన్ 1984లోనూ, న్యూజెర్సీ 1994లోనూ ఆ అధికారాన్ని తమ చేతిలోకి తీసుకున్నాయి కనుక మీ ఫైలు ట్రెంటన్‌లోని రాష్ట్ర శాఖ దగ్గరే ఉంటుంది. 2023 మేలో సుప్రీంకోర్టు శాకెట్ కేసులో, నదులూ సరస్సుల వంటి జలాలతో ఉపరితలంలో ఎడతెగని కలయిక ఉన్న చిత్తడి నేలలకే ఫెడరల్ చట్టం వర్తిస్తుందని చెప్పిన సంగతి మీరు పత్రికల్లో చూసే ఉంటారు (అది కూడా ఐడహోలో ఒక ఇంటి స్థలాన్ని పూడ్చిన తగాదాయే). ఆ తీర్పు వల్ల చాలా రాష్ట్రాల్లో రక్షణ తగ్గింది కాని, ఇక్కడ రాష్ట్ర చట్టం దాని మీద ఆధారపడినది కాదు గనుక, ఏ కాలువతోనూ కలవని ఒంటరి మడుగు కూడా ఇంకా చట్టం పరిధిలోనే ఉన్నది.

ఇక మీ ఉత్తరంలో ఇండివిడ్యువల్ పర్మిట్ అన్న మాట ఉండడం మీకు మేలు చేసే విషయం. చిన్నచిన్న పనులకు జనరల్ పర్మిట్లు ఉంటాయి. ఉదాహరణకు ఆరవ నంబరు జనరల్ పర్మిట్ కింద, ప్రవాహాలతో సంబంధం లేని చిత్తడి నేలను ఒక ఎకరం వరకు పూడ్చుకోవచ్చు. అటువంటి పర్మిట్‌లో షరతులు కుదిరాయా లేదా అన్నంతవరకే చూస్తారు, వేరే మార్గం ఉందా అని అడగరు. మీ పొరుగు సంస్థ ఎకరం దాటింది కాబట్టి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పి తీరాలి. నీటి ఒడ్డునే ఉండవలసిన పడవల రేవు వంటి పని కాకపోతే, చిత్తడి నేలను తాకకుండా చేయగల మార్గం ఒకటి ఉండే ఉంటుందని చట్టం ముందుగానే ఊహిస్తుంది. ఆ ఊహ తప్పని రుజువు చేసే భారం దరఖాస్తుదారుడిది. ఇళ్ల సంఖ్య తగ్గించడం, అమరిక మార్చడం, తమది కాకపోయినా సహేతుకంగా సంపాదించగల మరొక స్థలంలో కట్టడం, ఇవన్నీ వారు పరిశీలించి కాదని చూపించాలి. పర్మిట్ ఇవ్వడమా మానడమా అన్నది చాలావరకు తేలేది ఇక్కడే. మీ వీధిలో ఎంతమందికి ఇష్టం లేదన్నది ఈ పరీక్షలో ఎక్కడా రాదు. అందుచేత రెండు వందల సంతకాల వినతిపత్రం వల్ల, విషయం మీద ప్రజలకు ఆసక్తి ఉందని, బహిరంగ విచారణ పెట్టడం మంచిదేమోనని శాఖ అనుకోవచ్చునే తప్ప అంతకు మించి ప్రయోజనం ఉండదు.

ప్లానింగ్ బోర్డు సంగతి కూడా ఇంతే. మంచినీటి చిత్తడి నేలల నియంత్రణలో స్థానిక సంస్థలు వేలు పెట్టరాదని 1987 చట్టమే చెప్పింది. అక్కడికి వెళ్లి వాననీటి పారుదల, రోడ్లు, వాహనాల రాకపోకల గురించి మాట్లాడండి, వారు వినగలరు. కప్పల గురించి మాట్లాడితే బోర్డు న్యాయవాది మర్యాదగా ఆపుతారు. నేను స్వయంగా చూసిన సమావేశాల్లో సగం సమయం ఇలాగే వృథా అయింది.

మీరు రాయదగినవి రెండు. మొదటిది హద్దు. చిత్తడి నేల అంటే కంటికి నీళ్లు కనిపించే చోటు అని మనం అనుకుంటాము కాని, చట్టం చూసేది మూడింటిని: నేల, మొక్కలు, నీటి జాడ. సెప్టెంబరులో నేల పూర్తిగా ఎండిపోయి ఉన్నా, ఆగర్‌తో (మట్టి తీసే చేతి బర్మాతో) ఒకటిన్నర అడుగు లోతున మట్టి తీసి రంగుల పుస్తకంతో పోల్చితే, బూడిద రంగు మట్టిలో తుప్పు మచ్చలు కనిపిస్తాయి. ఆ మట్టి ఏటా చాలా వారాలు నీటిలో నానిందనడానికి అది గుర్తు. దరఖాస్తుదారుడి కన్సల్టెంటు ఇలా పరీక్షించి జెండాలు పాతి గీసిన గీతను శాఖ సరిచూసి, ఆ హద్దును ఖాయం చేస్తూ లెటర్ ఆఫ్ ఇంటర్‌ప్రిటేషన్ ఇస్తుంది. దాని గడువు ఐదేళ్లు. ఆ గీతకు ఆవల మీకు ఏటా నీళ్లు నిలిచే చోటు ఏదైనా తెలిసి ఉంటే, తేదీలున్న ఫోటోలతో సహా పంపండి.

రెండవది ఆ కప్పలు. వసంతంలో నిండి వేసవికి ఎండే మడుగుల్లో చేపలు బతకవు. అందువల్లనే వుడ్ ఫ్రాగ్ అనే కప్ప, మచ్చల సాలమాండర్ వంటి జీవులు అక్కడే గుడ్లు పెడతాయి. మార్చి, సెప్టెంబరు మధ్య వరుసగా కనీసం రెండు నెలలు నీరు నిలిచి, చేపలు లేకుండా, శాశ్వతంగా పారే కాలువ బయటికి లేకుండా, ఇటువంటి జీవులు గుడ్లు పెట్టే మడుగును ఇక్కడి నియమాలు వెర్నల్ హ్యాబిటాట్‌గా గుర్తిస్తాయి. పర్మిట్ ఇచ్చేటప్పుడు దానికి హాని జరగదని చూసుకోవలసి ఉంటుంది. ఇక అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల ఆవాసమని తేలితే ఆ చిత్తడి నేల అసాధారణ విలువ గల తరగతిలోకి వెళుతుంది. అప్పుడు చుట్టూ ఏమీ కట్టకుండా వదలవలసిన మేర 50 అడుగుల నుంచి 150 అడుగులకు పెరుగుతుంది, పైగా పూడ్చడానికి బలమైన ప్రజావసరం ఉన్నదని లేదా అనుమతి లేకుంటే తమకు అసాధారణమైన కష్టం కలుగుతుందని దరఖాస్తుదారుడు నిరూపించుకోవాలి. మీ ఉత్తరంలో ఒక్క వుడ్ టర్టిల్ తాబేలు ఫోటో నూరు ఆవేశపు వాక్యాల కన్నా బరువైనది.

అభిప్రాయాలు 30 రోజుల్లోగా పంపమని అడుగుతారు. నిర్ణయం వెలువడేదాకా వచ్చినవాటిని కూడా చూస్తారు కాని, తొందరగా పంపడమే మంచిది. దరఖాస్తు ప్రతి ఒకటి మీ టౌన్‌షిప్ క్లర్కు కార్యాలయంలో ఉండాలి. ఏమి రాయాలన్నది ఆలోచించడానికి ముందు అక్కడికి వెళ్లి దానిని పూర్తిగా చదవండి.

అద్దెఇల్లు రాసిన సమాధానం:

పై సమాధానం చాలా ఉపయోగకరంగా ఉన్నది. అయితే ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉన్నది కాబట్టి, కొందరికి రుచించకపోయినా చెబుతున్నాను.

ఆ 28 ఇళ్లు దాతృత్వం కొద్దీ వచ్చినవి కావు. ప్రతి మునిసిపాలిటీ తన వంతుగా తక్కువ ఆదాయం గల వారికి ఇళ్లు కట్టడానికి చోటు కల్పించి తీరాలని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లోనూ, మళ్లీ 1983లోనూ మౌంట్ లారెల్ తీర్పుల్లో చెప్పింది. 2024 మార్చిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2025 నుంచి పదేళ్లకు ఒక్కో ఊరికి లెక్క కట్టారు. ఆ లెక్క తీర్చడానికి ఊళ్లు ఎక్కువగా పట్టుకున్న దారి, మొత్తం కట్టే ఇళ్లలో ఐదింట ఒక వంతు చవక ఇళ్లుగా, మిగతావి మార్కెట్ ధరకు అమ్ముకునేవిగా కట్టమని బిల్డరుకు చెప్పడం. 140లో 28 అంటే సరిగ్గా అదే నిష్పత్తి.

మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇటువంటి ప్రాజెక్టుల గురించి ఏమి మాట్లాడుకుంటారో నేను చాలాసార్లు చదివాను. మొదటి వాక్యంలో వరద ఉంటుంది, రెండవ వాక్యంలో పర్యావరణం ఉంటుంది, మూడవ వాక్యానికల్లా స్కూలు రేటింగు, ఇంటి ధర, "అలాంటి వాళ్లు" అన్న మాటలు వచ్చేస్తాయి. మీరు అలా రాయలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కాని మీ వీధి వినతిపత్రంలో ఆ మూడవ వాక్యం ఉందేమో ఒకసారి చూసి సంతకం పెట్టండి. ఆ కాగితం ప్రభుత్వ రికార్డులో ఉండిపోతుంది, రేపు ఏ కోర్టులోనైనా అవతలి న్యాయవాది చదివి వినిపించవచ్చు.

ఇంకొక వైపు నుంచి కూడా చూడాలి. చవక ఇళ్లు ఉన్నాయి కనుక చిత్తడి నేలను పూడ్చనివ్వాలన్న నియమం ఏదీ లేదు. వేరే మార్గం లేదని నిరూపించే పరీక్ష ఆ ప్రాజెక్టుకూ వర్తిస్తుంది. పైగా చవక ఇళ్ల కోసం ఎంచుకునే స్థలం నిర్మాణానికి అనువైనదిగా, అనుమతులు రాగలిగినదిగా ఉండాలని కూడా అవే నియమాలు చెబుతాయి. 31 ఎకరాల్లో చిత్తడి నేల ఎంతో మీరు రాయలేదు. మెరక భాగం చాలినంత ఉన్నప్పుడు, 112 ఇళ్లను టౌన్‌హౌసులుగా (ఒకదానికొకటి ఆనుకున్న వరుస ఇళ్లుగా) పరిచి, 28 ఇళ్లను అడ్డం పెట్టుకుని పల్లాన్ని అడగడం జరుగుతున్నదేమో చూడండి. అదే నిజమైతే, ఆ 28 ఇళ్లకు మీరు వ్యతిరేకం కాదని రాస్తూనే, వాటిని మెరక మీద మూడంతస్తుల భవనంగా కట్టవచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్న అడిగినవారిని స్వార్థపరులని ఎవరూ అనలేరు.

అలుగు రాసిన సమాధానం:

నేను తెలంగాణ నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించాను. ఇప్పుడు డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. హద్దు గురించి మట్టిరంగులు గారు రాసినది చదివాక, మన వైపు పద్ధతికీ దానికీ ఉన్న తేడా గురించి రెండు మాటలు రాయాలనిపించింది.

హైదరాబాదులో చెరువు హద్దు అంటే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండి అలుగు పారే సమయంలో నీటి మట్టం ఎక్కడికి వస్తుందో ఆ రేఖ. 2012 నాటి జీవో 168 ప్రకారం, పది హెక్టార్లు అంతకు మించిన చెరువులకు ఆ రేఖ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. కొల్లేరు అభయారణ్యానికి కూడా 1999లో ఐదవ కాంటూరునే (అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే రేఖనే) హద్దుగా పెట్టారు. మా గీత ఎత్తును బట్టి వచ్చేది, మట్టినీ మొక్కనూ అది చూడదు. దీనిలో సౌలభ్యం ఉన్నది, ఎందుకంటే లెవెల్ యంత్రం పెట్టి ఒక్క రోజులో తేల్చవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉన్నది. అలుగును ఒక అడుగు కోసేస్తే గీత లోపలికి జరుగుతుంది, ఎకరాలకు ఎకరాలు కాగితం మీద పొడి నేల అయిపోతాయి. రాత్రికి రాత్రి అలుగు ఎత్తు తగ్గిన చెరువులను నేను చూశాను. మట్టిలోని తుప్పు మచ్చను అలా రాత్రికి రాత్రి చెరపడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ఈ విషయంలో అక్కడి పద్ధతి నాకు నచ్చింది.

ఇంకొక విచిత్రం కూడా చెబుతాను. మన దేశంలో 2017 చిత్తడి నేలల నియమాలు ఉన్నాయి కదా, అవి చెరువులను కాపాడతాయని చాలామంది అనుకుంటారు. తాగునీటికీ సాగునీటికీ మనిషి కట్టిన చెరువులను ఆ నియమాలు చిత్తడి నేల అన్న నిర్వచనం నుంచే తీసివేశాయి. కాకతీయుల నాటి నుంచి మన చెరువుల్లో చాలావరకు సాగు కోసం కట్టినవే కనుక, వాటికి దిక్కు రాష్ట్ర నిబంధనలే. 2024 జూలైలో, హైదరాబాదు చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలైనప్పుడు, అనుమతి కాగితాలు చేతిలో ఉన్నవారు కూడా వీధిన పడ్డారని వార్తలు వచ్చాయి. అనుమతి ఇచ్చే ముందు పొరుగువాడికి ఉత్తరం రాసి, నీకు తెలిసింది చెప్పమని అడిగే పద్ధతి అక్కడ ఉండి ఉంటే ఆ కాగితాలలో కొన్ని పుట్టేవే కావు. మీకు వచ్చిన ఆ సర్టిఫైడ్ ఉత్తరాన్ని చిన్నచూపు చూడకండి.

నీటి లెక్క కూడా ఒకటి చేసి చూశాను. 1.8 ఎకరాల్లో సగటున అర అడుగు నీరు నిలుస్తుందనుకుంటే, అది సుమారు 11 లక్షల లీటర్లు. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అన్నారు. ఆ నీటికి కొత్త పల్లం ఎక్కడ చూపిస్తున్నారో డ్రాయింగుల్లో వెతకండి. డిటెన్షన్ బేసిన్ (వాననీటిని కాసేపు నిలిపి ఉంచే గుంట) చూపించి ఉంటారు. అది తవ్వే చోట భూగర్భ జలమట్టం ఎంత లోతున ఉన్నదో అడగండి. వసంతంలో నీరు నేల పైకే వచ్చే చోట బేసిన్ తవ్వితే, వాన రాకముందే అది సగం నిండి ఉంటుంది. మీ ఐడా నాటి నీళ్లకు ఆ అడవి ఎంత అడ్డుపడిందో ఇంత దూరం నుంచి చెప్పడం మాత్రం సాధ్యం కాదు. మీ బేస్‌మెంటు నేల మట్టం ఆ మడుగు నీటి మట్టం కన్నా కిందుగా ఉంటే, ఊట రూపంలో నీరు రావడానికి తుఫాను కూడా అవసరం లేదు.

వెనకతోట మళ్లీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం సెలవు పెట్టి క్లర్కు కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు మొత్తం చదివాను. నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

31 ఎకరాల్లో చిత్తడి నేల 9 ఎకరాలు. దాని చుట్టూ వదలవలసిన మేర తీసివేసినా మెరక భాగం బాగానే మిగులుతున్నది. వేరే మార్గాల గురించి వారు రాసిన నివేదిక నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు, అదే టౌన్‌హౌసులను అదే వరుసలో పెట్టి సంఖ్య మాత్రం 140 నుంచి 118కి, 96కి తగ్గిస్తే ఎంత నష్టం వస్తుందన్న లెక్కలతోనే నిండి ఉన్నాయి. అద్దెఇల్లు గారు ఊహించినట్టు, ఇళ్లను ఒకదాని మీద ఒకటిగా కడితే ఎలా ఉంటుందన్న ప్రస్తావన ఎక్కడా లేదు. వేరే స్థలం గురించి ఒక్కటే వాక్యం ఉన్నది.

ఇంకొక సంగతి చూసి ఆశ్చర్యపోయాను. ప్రతి మార్చిలో మా కంచె నుంచి కనిపించే మడుగును పటంలో మెరక అడవిగా చూపించారు. జెండాల గీత దానికి ముప్పై అడుగుల అవతలే ఆగిపోయింది. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం మూడేళ్లుగా ఆ మడుగులోని గుడ్ల ముద్దలను ఫోటోలు తీశాడు, తేదీలు ఫోన్‌లో ఉన్నాయి. వీటిని ఎలా పంపాలి? పూడ్చిన దానికి బదులుగా వేరే చోట 3.6 ఎకరాల చిత్తడి నేలను తయారుచేస్తామని కూడా వారు రాశారు. దానిని ఎంతవరకు నమ్మవచ్చు?

వినతిపత్రం నేను చదివాను. మూడవ వాక్యం ఉన్నది. నేను సంతకం పెట్టలేదు.

మట్టిరంగులు మళ్లీ రాసినది:

మీరు చూసినవి రెండూ అసలైన విషయాలే. నివేదికలో ఏయే మార్గాలు పరిశీలించలేదో పేజీ నంబర్లతో సహా, ఒక పేజీకి మించకుండా రాయండి. అమరికనూ సాంద్రతనూ మార్చి చూడడం వారు చేయవలసిన పరిశీలనలో భాగం కాబట్టి, శాఖలో ఫైలు చూసే ఉద్యోగి ఆ వాక్యాన్ని నేరుగా దరఖాస్తుదారుడికి పంపే లోపాల లేఖలో వాడుకోగలగాలి. అభిప్రాయ లేఖను నేను కొలిచే కొలత ఇదే.

ఫోటోలతో పాటు, కంచెలోని ఏ స్తంభం దగ్గర నిలబడి ఏ దిక్కుకు తీశారో పటం మీద గుర్తు పెట్టండి. అబ్బాయి ఆ స్థలంలోకి దిగి తీసిన ఫోటోలు ఉంటే ఆ సంగతి దాచవద్దు, ఇక మీద మాత్రం యజమాని అనుమతి లేకుండా దిగవద్దు. గుడ్లు ఏ జీవివో మీరు తేల్చనక్కరలేదు. వసంతంలో వచ్చి ఆ చోటు చూడమని కోరితే చాలు. ఆ గీతకు లెటర్ ఆఫ్ ఇంటర్‌ప్రిటేషన్ ఎప్పుడు ఇచ్చారో, పరీక్ష ఏ నెలలో జరిగిందో కూడా అడగండి. క్లర్కు దగ్గర లేని కాగితాలకు బహిరంగ రికార్డుల చట్టం కింద అర్జీ పెట్టవచ్చు, సాధారణంగా ఏడు పనిదినాల్లో జవాబు వస్తుంది.

3.6 ఎకరాల సంగతి: తయారుచేసే నేల పూడ్చిన దానికి రెట్టింపు ఉండాలన్నది సాధారణ నియమం, వారు కొత్తగా ఇస్తున్న వరం కాదు. నేల తవ్వి నీళ్లు నింపి మొక్కలు నాటడం తేలికే, అందులో నీటి మట్టం ఏటా సరైన వారాల్లో సరైన లోతున నిలిచేలా చేయడం కష్టం. దేశమంతటా ఇటువంటి బదులు నేలలను పరిశీలించిన నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్, నికరంగా నష్టం లేకుండా చూడాలన్న లక్ష్యం నెరవేరడం లేదని 2001లోనే తేల్చింది. నేను పర్యవేక్షించిన వాటిలో బాగా నిలిచినవి ఉన్నాయి, రెల్లు పట్టి పాడైనవీ ఉన్నాయి. అయినా ఈ వాదన మీకు రెండవ మెట్టులోనే పనికివస్తుంది. చిత్తడి నేలకు నష్టాన్ని తప్పించడం, తగ్గించడం అయ్యాకనే బదులు ఇవ్వడం అన్న మాట వస్తుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇటువంటి దరఖాస్తులను శాఖ ఒక్కసారిగా తిరస్కరించడం నేను అరుదుగా చూశాను. లోపాల లేఖ వెళుతుంది, పటం మారుతుంది, 1.8 ఎకరాలు అర ఎకరానికి దిగి, ఒక్కోసారి అది జనరల్ పర్మిట్ పరిధిలోకి వచ్చేస్తుంది. అసలే కుదరదని అంటే స్థలం విలువ పోయిందని యజమాని పరిహారం కోరవచ్చు. ఈ రాష్ట్రంలోనే లాంగ్ బీచ్ ఐలండ్ మీద ఇళ్ల కోసం 12.5 ఎకరాలు వాడుకోనివ్వనందుకు, ఆ కంపెనీకి ఫెడరల్ ప్రభుత్వం 26 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలన్న తీర్పును 1994లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. శాఖ ఆచితూచి నడవడానికి ఇటువంటి తీర్పులు కూడా కారణమని నా అభిప్రాయం. పర్మిట్ ఇచ్చాక దానిని సవాలు చేసే అవకాశం పొరుగువారికి చాలా పరిమితం. అందుకే చెప్పవలసినది ఇప్పుడే ఫైలులో ఉండాలి.

చివరగా, ఆ మడుగు మీ కంచెకు ఎంత దూరం? హద్దు మారి అది చిత్తడి నేలగా లెక్కలోకి వస్తే, చుట్టూ వదలవలసిన 50 అడుగులు యజమాని స్థలంతో ఆగవు, మీ పెరట్లోకి కూడా వస్తాయి.

వెనకతోట:

కంచె నుంచి మడుగు 25 అడుగులు ఉంటుంది. మా తోట సామాన్ల షెడ్డు కంచెకు ఆనుకునే ఉన్నది, మూడేళ్ల కిందట నేనే కట్టించాను. షెడ్డు సంగతి ముందు తేల్చుకోవాలా, ఉత్తరం ముందు పంపాలా?

మట్టిరంగులు:

ఉత్తరం ముందు పంపండి. షెడ్డు కింద పునాది వేయకుండా దిమ్మెల మీద నిలబెట్టినదైతే ఇంటికి దగ్గరగా జరుపుకోవడం ఒక శనివారం పని. పునాది వేసి కట్టినదైతే శాఖకు ఫోన్ చేసి మీరే అడగండి, వారు తనిఖీకి వచ్చి చూసేదాకా ఆగవద్దు.